తిరుగు లోడు బేరం: బ్రిటన్‌లో ఇల్లు మార్చే కుటుంబ సంస్థల పనితనం మీద ఒక సమీక్ష

బ్రిటన్‌లో ఇల్లు మారాలంటే మూడు రకాల వాళ్లు దొరుకుతారు. ఒక వ్యాను, ఒక మనిషి, గంటకింత అని బేరం. అది మొదటి రకం. ఊరూరా శాఖలున్న పెద్ద కంపెనీ రెండోది. ఈ రెంటికీ మధ్యన, లారీ పక్కన "అండ్ సన్స్" అని రాయించుకున్న కుటుంబ సంస్థ ఉంటుంది: నాలుగైదు బండ్లు, ఒక గోదాము, తాతల నాటి పేరు. ఈ సమీక్ష ఆ మూడో రకం మీద.

తీర్పు ముందే చెప్పేస్తాం. మూడు పడగ్గదుల ఇల్లు, గాజు సామాను, పియానో, లేదా మధ్యలో కొన్ని వారాలు గోదాములో ఉంచాల్సిన సామాను ఉంటే నాలుగు పౌండ్లు ఎక్కువైనా వీళ్లే మేలు. ఒంటి గది సామానుకి మాత్రం వీళ్లని పిలవడం దండగ. ఇంకో మాట, లారీ మీద పేరు కింద రాసిన సంవత్సరం చూసి మురిసిపోకండి. ఆ సంవత్సరానికీ మీ బీరువా గీతలు పడకుండా చేరడానికీ సంబంధం తక్కువ. ఎందుకో ఈ వృత్తి చరిత్రే చెబుతుంది.

ఈ వృత్తి మొదలైంది ఇళ్లు మార్చడంతో కాదు, రాళ్లు మోయడంతో. పిక్‌ఫోర్డ్స్ పేరు ఈ రంగంలో తెలియనివాళ్లు ఉండరు. 17వ శతాబ్దంలో మాంచెస్టర్‌కి దక్షిణాన ఉన్న కుటుంబం అది. సంస్థ తన పుట్టుక గురించి చెప్పుకునే కథ ఇది: రోడ్ల మరమ్మతుకి గోయ్ట్ లోయ క్వారీ నుంచి గుర్రాల వీపు మీద రాయి తోలేవాళ్లు. రాయి దించేశాక గుర్రాలు ఖాళీగా వెనక్కి పోవడమెందుకని పరాయివాళ్ల సరుకు ఎక్కించుకోవడం మొదలెట్టారు. అదే తిరుగు లోడు. ఇప్పటికీ ఈ వ్యాపారంలో లాభనష్టాలు తేలేది తిరుగు దారిలోనే. మీకొచ్చిన కొటేషన్ ఒకరిది అంత తక్కువ, ఇంకొకరిది అంత ఎక్కువ ఎందుకో అర్థం కావాలంటే ఈ ఒక్క ముక్క పట్టుకుంటే చాలు.

1776లో ఆ కుటుంబం "ఎగిరే బండి" అని ఒకటి నడిపింది. లండన్ నుంచి మాంచెస్టర్‌కి నాలుగున్నర రోజులు. ఇవాళ నవ్వొస్తుంది గానీ, అప్పట్లో వాళ్లు అమ్మింది వేగాన్ని కాదు, ఫలానా రోజు చేరుతుందన్న మాటని. 1803లో నెపోలియన్ దండెత్తుతాడన్న భయం ఉన్నప్పుడు 400 గుర్రాలు, 50 బండ్లు, 28 కాలువ పడవలు ప్రభుత్వానికి ఇస్తామన్నారు. అంత పెద్దదైన సంస్థ పద్నాలుగేళ్లు తిరిగేసరికి అప్పుల్లో కూరుకుపోయింది. 1817లో జోసెఫ్ బాక్సెండేల్ భాగస్వామిగా వచ్చి పగ్గాలు పట్టాడు. తర్వాత అది ఆయన కుటుంబానిదైంది. 1933లో నాలుగు పెద్ద రైలు కంపెనీల చేతికి పోయింది, 1948లో జాతీయమైంది, 1982లో నేషనల్ ఫ్రైట్ అనే ప్రభుత్వ సరుకు రవాణా సంస్థ ఉద్యోగులు తమ సంస్థని 5.35 కోట్ల పౌండ్లకి కొనుక్కున్నప్పుడు అందులో భాగంగా వెళ్లింది. పిక్‌ఫోర్డ్ కుటుంబం చేతి నుంచి పగ్గాలు జారి రెండు వందల ఏళ్లు దాటింది. పేరు మాత్రం లారీల మీద తిరుగుతూనే ఉంది.

పాతదనం ఒక్కటే కొలత అయితే ఆబర్డీన్‌లోని షోర్ పోర్టర్స్ సొసైటీని మించినది లేదు. 1498 నాటిది, రేవు హమాలీల సంఘంగా పుట్టింది, ఇప్పుడూ ఇంటి సామాను మోస్తోంది. కానీ అది కుటుంబానిది కాదు, భాగస్తులది. నిజంగా ఒకే కుటుంబం చేతిలో నిలిచినదంటే బిషప్స్ మూవ్‌ని చెప్పుకోవాలి. 1854లో లండన్ పిమ్లికోలో మొదలైంది.

మరి ఇన్ని చిన్న కుటుంబ సంస్థలు ఇంటి సామాను పనిలోనే ఎలా నిలబడ్డాయి? ఒక కారణం చట్టంలో ఉంది. 1947 రవాణా చట్టం దూరప్రయాణపు లారీలని ప్రభుత్వపరం చేసింది. ప్రైవేటు లారీ కిరాయికి తన డిపో నుంచి 25 మైళ్లు దాటకూడదంది. అయితే మామూలు ఇంటి సామాను తరలింపుని ఆ పట్టు నుంచి వదిలిపెట్టింది. బొగ్గూ ధాన్యమూ తోలేవాడికి దారి మూసుకుపోయిన కాలంలో సోఫాలు తోలేవాడికి దేశమంతా తెరిచే ఉంది.

ఇక బండి సంగతి. 1830 ప్రాంతంలో లండన్ మోట్‌కోంబ్ వీధిలో పాంటెక్నికాన్ అని ఒక పెద్ద భవనం కట్టారు. సామాను దాచుకోవడానికీ అమ్ముకోవడానికీ ఉండేది. 1874లో అది కాలిపోయింది, ముందున్న స్తంభాల వరస మాత్రం మిగిలింది. అక్కడికి సామాను తెచ్చే బండ్లకి ఆ పేరే అంటుకుంది. ఆ బండి గొప్పతనమంతా దాని అడుగులో ఉంది. వెనక ఇరుసుని వంచి, చక్రాల మధ్యకి అడుగుని దించేశారు. బీరువాని నడుమెత్తు లేపక్కర్లేదు, నాలుగడుగులు నడిచి లోపల పెట్టేయొచ్చు. ఇప్పటి లారీల వెనక కనిపించే టెయిల్ లిఫ్ట్, అంటే సామానుని పైకెత్తే పలక, అదే పని ఇంకోలా చేస్తుంది.

చరిత్ర అక్కడితో ఆపి, ఇప్పటి సేవ ఎలా ఉంటుందో చూద్దాం.

మంచి కుటుంబ సంస్థ ఇల్లు చూడకుండా ధర చెప్పదు. మనిషిని పంపుతుంది, లేదా ఫోను కెమెరాలో గది గదీ చూపించమంటుంది. సర్వేకి వచ్చినాయన అలమరాలు తెరిపిస్తున్నాడా, అటక మీదకి ఎక్కి చూస్తున్నాడా, తోటలోని షెడ్డు తలుపు తీస్తున్నాడా అన్నది గమనించండి. లెక్క తప్పేది ఎప్పుడూ ఈ మూడు చోట్లే. హాల్లో సోఫా ఎంత చోటు పడుతుందో ఎవరైనా చెబుతారు. అటక మీద ఇరవై ఏళ్లుగా పేరుకున్న పెట్టెలే రెండో లారీ తెప్పిస్తాయి. కొత్తింటి సంగతులు కూడా ఆయనే అడగాలి: మెట్లెన్ని, మలుపు ఎంత ఇరుకు, లారీ ఆగే చోటు నుంచి గుమ్మానికి ఎన్ని గజాలు. "పడగ్గదులు ఎన్ని సార్?" అని ఒక్కటే అడిగి ఫోన్లోనే ధర తేల్చేసేవాడిని అక్కడే వదిలేయండి.

కొలత ఘనపుటడుగుల్లో ఉంటుంది. మూడు పడగ్గదుల ఇల్లు మామూలుగా 1,000 నుంచి 1,500 ఘనపుటడుగులు. డ్రైవరు క్యాబిన్ మీదకి కూడా పెట్టె పొడుచుకొచ్చిన లూటన్ వ్యానులో సుమారు 650 పడుతుంది. రెండు ట్రిప్పుల్లో తేలిపోతుంది కదా అనిపిస్తుంది. ఇక్కడే అసలు చిక్కు. ఇంటి సామాను ఘనపుటడుక్కి సగటున 7 పౌన్ల బరువు అని వృత్తిలో ఒక పాత లెక్క. 650 అడుగులు నిండితే 4,550 పౌన్లు, అంటే రెండు టన్నుల పైనే. ఆ వ్యాను మొత్తం బరువు 3.5 టన్నులు మించకూడదు. టెయిల్ లిఫ్ట్‌తో కలిపి బండి బరువు పోను మోయగలిగేది టన్ను, మహా అయితే ఇంకో వంద కిలోలు. చోటు సగం మిగిలుండగానే బరువు హద్దు దాటిపోతుంది. దారిలో అధికారులు తూకం వేస్తే అక్కడికక్కడే ఆపేస్తారు, ఎక్కువ బరువు దించితే గానీ కదలనివ్వరు. మీ సామాను రోడ్డు పక్కన, మీరు కొత్తింటి గుమ్మంలో.

ఆ 3.5 టన్నుల బండ్లే ఎక్కడ చూసినా ఎందుకుంటాయంటే, 1997 జనవరి 1 నుంచి కారు పరీక్ష పాసైనవాళ్లు ఆ లైసెన్సు మీద అంతకు మించిన డీజిల్ బండి తోలకూడదు. పైగా 3.5 టన్నులు దాటిన బండిని దేశంలో కిరాయికి తిప్పాలంటే ఆపరేటర్ లైసెన్సు కావాలి. అది ఉందో లేదో తెలుసుకోవడం తేలిక: లారీ అద్దం మీద గుండ్రటి బిళ్ల ఉంటుంది. నీలం అయితే దేశంలో పరాయి సామాను మోయొచ్చు, ఆకుపచ్చ అయితే విదేశాలకీ పోవచ్చు. నారింజ రంగు బిళ్ల ఉంటే అది సొంత సరుకు మాత్రమే మోసుకునే అనుమతి. నారింజ బిళ్ల లారీ మీ సామాను ఎక్కించుకోవడానికి వచ్చిందంటే దాని బీమా మీద కూడా అనుమానపడాల్సిందే. కుటుంబ సంస్థల్లో చెప్పుకోదగ్గవన్నీ 7.5 టన్నులవో 18 టన్నులవో బండ్లు పెట్టుకుంటాయి. 7.5 టన్నుల బండిలో కూడా చోటు చూసి మోసపోవచ్చు. వెయ్యి అడుగులు దాటి పడుతుంది గానీ మోయగలిగేది రెండు, రెండున్నర టన్నులే. పుస్తకాలు ఎక్కువున్న ఇంటికి 18 టన్నుల బండి అడగండి.

పుస్తకాల మాట వచ్చింది కాబట్టి అట్టపెట్టెల గురించి. రెండు కొలతలు చాలు. పెద్దది 18 బై 18 బై 20 అంగుళాలు, చిన్నది 18 బై 13 బై 13. పుస్తకాలు, సీసాలు, పనిముట్లు చిన్నదాంట్లోకే. పెద్దదాన్ని పుస్తకాలతో నింపితే యాభై కిలోలు దాటుతుంది, అడుగు ఊడుతుంది. పళ్లేలని దొంతరగా పడుకోబెట్టకూడదు, గ్రామఫోన్ రికార్డుల్లాగా అంచు మీద నిలబెట్టాలి. పడుకోబెట్టిన పళ్లెం కుదుపు తగిలినప్పుడు మధ్యలో విరుగుతుంది, నిలబెట్టినది అంచు మీద ఓర్చుకుంటుంది. అడుగున మూడు అంగుళాల నలిపిన కాగితం, పైన అంతే. మూత మూశాక పెట్టెని చేత్తో ఊపితే లోపల ఏదీ కదలకూడదు. ఈ పనిలో కుటుంబ సంస్థల మనుషుల చెయ్యి చూడ్డానికే ముచ్చటేస్తుంది. ముగ్గురు కలిస్తే మూడు పడగ్గదుల ఇంటిని ఒక్క రోజులో అరవై, ఎనభై పెట్టెల్లోకి సర్దేస్తారు.

మర్నాడు లోడింగ్. ఏ సంస్థ ఎలాంటిదో తేలేది ఇక్కడే. మంచివాళ్లు క్యాబిన్ వైపు గోడ నుంచి మొదలెట్టి ఒక్కో వరసని నేల నుంచి కప్పు దాకా కడతారు. ఇటుక గోడ కట్టినట్టే. అడుగున వాషింగ్ మెషీను, ఫ్రిజ్, సొరుగుల బల్ల. వాటి మీద పుస్తకాల పెట్టెలు, ఆ పైన తేలికవి. సందుల్లో దిండ్లు, మడత దుప్పట్లు. వరస కప్పుని తాకాక గోడల మీది పట్టాలకి పట్టీ బిగించి కట్టేస్తారు, ఆ తర్వాతే రెండో వరస. సోఫాని నిలువుగా లేపుతారు, తొడుగు వేసి. అద్దాలూ బొమ్మల పటాలూ ఎప్పుడూ అంచు మీద, రెండు పరుపుల మధ్యన. క్యాబిన్ మీది గూట్లోకి దీపాల గొడుగులు, బొంతలు లాంటివే పోవాలి. అక్కడ పుస్తకాల పెట్టె పెడుతున్నవాడు కనిపిస్తే వెంటనే అడగండి. బ్రేకు వేసినప్పుడు ముందుకొచ్చి పడేది అదే.

చెడ్డ లోడు ఎలా ఉంటుందో కూడా తెలియాలి. పెద్ద సామానంతా ముందు ఎక్కించేసి, పైన మూడడుగుల చోటు వదిలేసి, చివర్లో పెట్టెలు దాని మీదకి విసరడం. దుప్పట్లు తక్కువ, పట్టీలు అసలే లేవు. మొదటి రౌండెబౌట్‌కే ఆ గుట్ట పక్కకి వాలుతుంది. చెక్క మీద పడే గీతల్లో ఎక్కువ భాగం మోసేటప్పుడు పడేవి కావు, బండిలో ఒకదానికొకటి రాసుకోవడం వల్ల పడేవి. లోడింగ్ మొదలయ్యే ముందు లారీలోకి ఒకసారి తొంగి చూసి దుప్పట్లు లెక్కపెట్టండి. డజనుకి మించి లేవంటే మూడు పడగ్గదుల ఇంటికి చాలవు.

మీరు ముందే చేసి ఉంచాల్సినవి రెండున్నాయి, వీటిని ఏ సంస్థా తన బాధ్యత అనుకోదు. ఫ్రీజరు ఒక రోజు ముందే ఆపి మంచు కరిగించి తుడవాలి. లేకపోతే నీళ్లు కారి కింది పెట్టెల అడుగులు తడుస్తాయి. వాషింగ్ మెషీను డ్రమ్ము ప్రయాణంలో ఊగకుండా వెనక బిగించే ట్రాన్సిట్ బోల్టులు వెతికి పెట్టుకోవాలి. అవి లేకుండా తీసుకెళ్తే డ్రమ్ము వేలాడే స్ప్రింగుల మీద దెబ్బ పడుతుంది, కొత్తింట్లో మొదటిసారి తిప్పినప్పుడు మెషీను గదిలో నడుస్తుంది. గ్యాసు సిలిండర్లు, పెట్రోలు, పెయింటు డబ్బాలు ఎక్కించరు.

పియానో ఉంటే సర్వేలోనే చెప్పాలి. నిలువు పియానో 200 నుంచి 300 కిలోలు. దాని కాళ్ల కింది చిన్న చక్రాలు అలంకారానికే, వాటి మీద దొర్లించేవాడు పనివాడు కాదు. గ్రాండ్ పియానోకి మూతా పెడళ్ల దిమ్మా తీసేసి, ఎడమ కాలు విప్పి, తిన్నటి అంచు మీదకి ఒరిగించి, మెత్త వేసిన చెక్క చట్టానికి కట్టి, అప్పుడు మిగిలిన రెండు కాళ్లు విప్పుతారు. ఈ పని తాత దగ్గర తండ్రి, తండ్రి దగ్గర కొడుకు చూసి నేర్చుకున్నది. పేరులో "అండ్ సన్స్" అన్న ముక్కకి అర్థం దొరికేది ఇక్కడే.

గోదాము విషయంలో వీళ్ల పద్ధతి మాకు బాగా నచ్చింది. 250 ఘనపుటడుగుల చెక్క పెట్టెలు, ఏడడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు. వాటిని లారీ మీదే మీ గుమ్మానికి తెచ్చి, అక్కడే నింపి, సీలు వేసి, గోదాములో ఫోర్క్ లిఫ్ట్‌తో పేర్చేస్తారు. సామాను మీద చెయ్యి పడేది ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు మాత్రమే. మామూలు లారీలో తెచ్చి గోదాములో మళ్లీ సర్దితే ఎత్తడం దించడం రెట్టింపు, దెబ్బలూ రెట్టింపే. అందుకని ఒకటే ప్రశ్న అడగండి: "పెట్టె మా ఇంటి దగ్గర నింపుతారా, మీ గోదాములోనా?" సీలు నంబరు రాసిచ్చిన కాగితం మీ దగ్గర ఉంచుకోండి. ఫ్రిజ్ తలుపు మూసి పంపితే నెలలో బూజు పడుతుంది, ఓరగా తెరిచి కట్టించండి.

మళ్లీ తిరుగు లోడు దగ్గరికి. దూరాలు మారేవాళ్లకి రెండు ధరలు చెబుతారు. మీ ఒక్కరి కోసమే లారీ, మీరు చెప్పిన రోజే: ఇది ఖరీదు. లారీ ఎటూ అటు పోయి ఖాళీగా వస్తోంది, అందులో మీ సామాను: ఇది చవక, కానీ రోజు మీ చేతిలో ఉండదు, ఫలానా వారంలో ఎప్పుడో అంటారు. పక్కన ఇంకొకరి సామాను కూడా ఉంటుంది. మధ్యలో తెర కట్టి, రెండిటికీ వేరే రంగు చీటీలు అంటించి, జాబితా మీద సంతకం తీసుకునే సంస్థ అయితేనే ఒప్పుకోండి. తప్పిపోయే వస్తువులు ఎక్కువగా తప్పిపోయేది ఈ పంచుకున్న లోడులోనే, మధ్య మజిలీలో దించినప్పుడు.

రోజు విషయంలో ఇంకో లెక్క ఉంది. పెద్ద లారీ డ్రైవరు రోజుకి 9 గంటలు తోలొచ్చు, వారంలో రెండు రోజులు 10. నాలుగున్నర గంటలకొకసారి 45 నిమిషాలు ఆగాలి. బండిలోని టాకోగ్రాఫ్ అనే యంత్రం అంతా రాస్తుంది. లండన్ నుంచి ఆబర్డీన్ దాదాపు 540 మైళ్లు, లారీ వేగంతో 11 గంటలు. ఒకే డ్రైవరుతో పొద్దున ఎక్కించి రాత్రికి దించుతామని ఎవరైనా అన్నారంటే లెక్క రాదు, లేదా చట్టం పట్టదు.

ఈ సంస్థల మీద ఫిర్యాదు లేదా అంటే ఉంది. మనుషులు తక్కువ. శుక్రవారం ఇల్లు చేతులు మారే రోజు, అందరికీ ఆ రోజే కావాలి. అయిదు లారీల సంస్థలో ఒక డ్రైవరుకి జ్వరమొస్తే బయటి కూలీలని తెస్తారు, అప్పుడు మీరు పేరు చూసి కొన్న పనితనం సగానికి పడిపోతుంది. పంపేది సొంత మనుషులనేనా అని రాతపూర్వకంగా అడగండి. వీలైతే మంగళ, బుధవారాలు పెట్టుకోండి. ఇల్లు కొన్న డబ్బు బ్యాంకుల మధ్య తిరిగి కొత్తింటి తాళాలు చేతికొచ్చేసరికి మధ్యాహ్నం దాటొచ్చు. ఆ ఎదురుచూపుకి గంటల లెక్కన డబ్బు పడుతుందా, ఎన్ని గంటల దాకా ఉచితమో కొటేషన్ మీదే ఉండాలి. ఇరుకు వీధుల్లో లారీ ఆపుకోవడానికి కౌన్సిల్ అనుమతి రెండు వారాల ముందే తీసుకోవాలి. అది ఎవరి పని అన్నది తేల్చుకోకపోవడం వల్లే లారీ వీధి చివర ఆగి, వంద గజాలు మోత పడుతుంది, గొడవ మొదలవుతుంది.

చివరిగా బీమా. బ్రిటిష్ అసోసియేషన్ ఆఫ్ రిమూవర్స్ అని 1900 నాటి సంఘం ఉంది, మంచి కుటుంబ సంస్థలు చాలా వరకు అందులో సభ్యులు. సభ్యత్వం ఉందని మీ సామానుకి పూర్తి విలువ కట్టిస్తారనుకోకండి. ఈ వృత్తిలో నడిచే మామూలు షరతుల్లో, మీరు విలువ విడిగా రాసివ్వకపోతే బాధ్యత ఒక్కో వస్తువుకి 40 పౌండ్ల దగ్గర ఆగిపోవడం పరిపాటి. వెయ్యి పౌండ్ల టీవీకైనా అంతే. మీరే సర్దిన పెట్టెలో పగిలినదానికి సాధారణంగా పైసా రాదు, అందుకే గాజు సామాను పెట్టెలు మాత్రమైనా వాళ్ల చేతే సర్దించండి. దెబ్బ తగిలిన సంగతి రాతలో తెలియజేయడానికి చాలా ఒప్పందాల్లో ఇచ్చే గడువు దించిన రోజు నుంచి 7 రోజులు. కాబట్టి కొత్తింట్లో మొదట విప్పాల్సినవి బట్టల పెట్టెలు కాదు, గాజు సామానువి. దించిన సాయంత్రం సంతకం పెట్టమని కాగితం చాపుతారు, దాని మీద "పెట్టెలు విప్పి చూడలేదు" అని రాసి సంతకం పెట్టండి. పని తెలిసిన సంస్థ దానికి అభ్యంతరం చెప్పదు.